మట్టి చేతుల చరిత్ర – 9: గుంత తవ్వినోళ్లకు అడవిలో చోటు లేదా?



పోయిన భాగం చదివిన ఒక విద్యార్థి తమ్ముడు సూటిగా అడిగాడు. "అన్నా, ఏటి ఒడ్డున గ్రావెల్ తవ్వి వదిలేసిన గుంతల్లో మొక్కలు పెట్టి అడవి చేస్తామంటే మంచిదే కదా. దాన్ని కూడా కులం కళ్లతోనే చూడాలా?" అని.

మంచిదే తమ్ముడూ. గుంత అట్లాగే వుంటే ఎవరు చస్తారో మనకు తెలుసు. ప్రతి వానాకాలం జిల్లా పేజీల్లో చదువుతూనే వుంటాం. సెలవు రోజు ఈతకు దిగిన పిల్లలు, బర్రెల్ని కడగడానికి పోయినోళ్లు, బట్టలు ఉతకడానికి పోయిన ఆడవాళ్లు. ఒడ్డు నిలువుగా కోసేసి వుంటుంది. కాలు పెట్టగానే ఇరవై అడుగుల లోతు. గుంతలు ఊరి నడుమ రచ్చబండ దగ్గర తవ్వరు. వాడ వెనకాల, శ్మశానం పక్కన, ఏటి పోరంబోకులో తవ్వుతారు. కాబట్టి గుంతల్ని బాగుచెయ్యడం అనేది ముందుగా మన పిల్లల ప్రాణాల సంగతి. దాని మీద నాకు రెండో మాట లేదు.

నా ప్రశ్న వేరే. గుంత తవ్వింది ఎవరు? తవ్విన మట్టి ఎవరి ఇంటి గోడ అయ్యింది? గుంత మళ్లీ పచ్చబడ్డాక ఆ పచ్చదనంలో ఎవరు వుంటారు, ఎవర్ని బయటికి నెడతారు? ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క చోట దొరుకుతుంది. అది మన ఊరు కాదు. ఢిల్లీ. పార్లమెంటుకు పాతిక కిలోమీటర్ల దూరంలో వున్న భాటీ గనులు. ఆ కథ తెలిస్తే మన ఏటి ఒడ్డు గుంతల రాజకీయం బాగా అర్థమవుతుందని ఈ భాగం దానికే ఇస్తున్నాను.

ఢిల్లీ నగరం ఒక పక్క యమునా నది, ఇంకో పక్క ఆరావళి గుట్టల వరస, ఆ రెంటి నడుమ త్రికోణంలో పుట్టింది. గుట్టల మీద పడ్డ వాన వాగులై యమునకు పోయేది. ఆ గుట్టల వరసనే అక్కడ 'రిడ్జ్' అంటారు. దాని దక్షిణపు కొసన, హర్యానా సరిహద్దులో భాటీ గ్రామం. అక్కడి రాయి క్వార్ట్‌జైట్. వేల ఏళ్లుగా ఎండకూ వానకూ చివికి ముతక ఎర్ర ఇసుకగా, గరుసుగా మారింది. దాన్ని ఢిల్లీలో 'బదర్‌పూర్' అంటారు. ఢిల్లీలో ఇల్లు కట్టుకున్న ఏ ముసలాయన్ని అడిగినా చెప్తాడు, యమునా ఇసుక సన్నం, కాంక్రీటుకు బదర్‌పూర్ కావాలి అని. దేశ విభజన తర్వాత లక్షల మంది శరణార్థులు వచ్చి ఢిల్లీ ఉబ్బిపోయింది. కాలనీలు, ఆఫీసులు, ఫ్లైఓవర్లు లేచాయి. వాటికి కావలసిన ఎర్ర గరుసులో పెద్ద భాగం ఈ గుట్టల నుంచే పోయింది.

తవ్వింది ఓడ్‌లు.

ఈ పేరు విన్నాక మన తెలుగోళ్లు కాస్త ఆగాలి. ఓడ్, ఒడ్డె, వడ్డర్, వడ్డెర. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో ఒడ్డె గురించి రాస్తూ ఈ పేరు ఓఢ్ర దేశం నుంచి, అంటే ఒరిస్సా నుంచి వచ్చిందని చెప్పాడు. కల్లు ఒడ్డె, మన్ను ఒడ్డె అనే విభజన కూడా రాశాడు. రాయి కొట్టేవాళ్లు, మన్ను తవ్వేవాళ్లు. ఉత్తరాది ఓడ్‌ల భాష మన భాష కాదు. వాళ్లు మాట్లాడే ఓడ్కీలో మరాఠీ, గుజరాతీ, మార్వాడీ, పంజాబీ కలిసి వుంటాయి. మహారాష్ట్ర, కర్ణాటక వడ్డర్లు మాత్రం ఇంట్లో ఇప్పటికీ తెలుగు యాస మాట్లాడతారు. రక్త సంబంధం వుందా లేదా అన్న గొడవ నాకు పెద్ద ముఖ్యం కాదు. పలుగు, పార, తట్ట, గాడిద, ఊరి బయట గుడిసె. ఈ అయిదింటి సంబంధం చాలు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. ఆయన పక్కన పోరాడిన వడ్డె ఓబన్న పేరు బయటికి రావడానికి నూటయాభై ఏళ్లు దాటింది. ఆ సంబంధం కూడా ఇదే.

ఇంకో వింత చూడండి. కర్ణాటకలో భోవి, వడ్డర్లు ఎస్సీ. ఆంధ్ర, తెలంగాణల్లో వడ్డెర్లు బీసీ–ఏ. మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే పార, సరిహద్దు దాటితే మూడు సర్టిఫికెట్లు. కాబట్టి "వాళ్లు మన జాబితాలో లేరు కదా" అని ఎవరైనా అంటే, ఆ జాబితా గీతలు ఎవరు గీశారో అడగండి.

ఓడ్‌లు తమని భగీరథుడి సంతతి అని చెప్పుకుంటారు. భూమిని తవ్వి నీళ్లు తెచ్చేవాళ్లం అని ఆ మాటకు అర్థం. పురాణంతో పని లేకపోయినా ఆ ఆత్మగౌరవం గమనించాలి. వాళ్లకు ఇంకో కథ వుంది, జస్మా ఓడణ్ కథ. గుజరాత్‌లో పాటణ్ రాజధానిగా 12వ శతాబ్దంలో ఏలిన సిద్ధరాజ జయసింహుడు సహస్రలింగ చెరువు తవ్వించాడు. సరస్వతీ నది నీటిని కాలువ ద్వారా మళ్లించి నింపిన చెరువు అది. శిథిలాలు ఇప్పటికీ వున్నాయి. తవ్వడానికి వచ్చిన ఓడ్‌లలో జస్మా అనే ఆడమనిషి మీద రాజు కన్నేశాడని, ఆమె ఒప్పుకోలేదని, భర్తను చంపించాడని, ఆమె చితిలో దూకుతూ ఈ చెరువులో నీళ్లు నిలవవని శపించిందని జనం చెప్పుకుంటారు.

మన పుస్తకాల్లో కథ ఇక్కడ ఆగుతుంది. గుజరాత్ దళితులు చెప్పే కథ ఆగదు. చెరువు నిండాలంటే నరబలి కావాలన్నారట. మాయా అనే దళిత నేతగాడు ముందుకొచ్చాడట. చచ్చే ముందు ఒక షరతు పెట్టాడట. మా వాళ్ల మెడలో ఉమ్ము ముంత, నడుముకు చీపురు తియ్యండి, మమ్మల్ని ఊరికి దగ్గరగా బతకనివ్వండి అని. వీర్ మేఘమాయా అని ఆయన్ని ఇవాళ్టికీ పాటణ్‌లో తల్చుకుంటారు. ఇది జనశ్రుతి, శాసనం కాదు. కానీ జనశ్రుతిలో దాగిన లెక్క చూడండి. చెరువు తవ్వకానికి ఒక కులం చెమట, చెరువు నిండటానికి ఇంకో కులం నెత్తురు. నీళ్లు మాత్రం ఎవరివి? 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది ఈ లెక్క తేల్చడానికే.

సరే, భాటీకి వద్దాం.

విభజన తర్వాత పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన ఓడ్ కుటుంబాలు పని వెతుక్కుంటూ చివరికి భాటీ గనులకు చేరాయి. ముందు కాంట్రాక్టర్ల కింద, తర్వాత ఢిల్లీ ప్రభుత్వ కార్పొరేషన్ కింద తవ్వారు. గని దగ్గరే బస్తీలు వేసుకున్నారు. అందులో ఒకదాని పేరు సంజయ్ కాలనీ. ఎమర్జెన్సీ రోజుల ముద్ర పేరులోనే వుంది. గరుసు తవ్వే కూలీ ఇంటి నుంచి గనికి నడిచి రావాలి కాబట్టి ప్రభుత్వానికే ఆ బస్తీ అవసరం. అప్పుడు అది ఆక్రమణ కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

గరుసు తవ్వకం ఎట్లా వుంటుందో మన జిల్లాల్లో చూసినోళ్లకు చెప్పనక్కర్లేదు. నిలువుగా చీలుస్తూ పోతారు, కింద నుంచి తొలిస్తే పైన మట్టి తనంతట తనే కూలుతుంది, పని తేలిక. ప్రాణానికి ప్రమాదం. ఎంత తవ్వారో కొలవడానికి గుంత నడుమ ఒక మట్టి దిమ్మని తవ్వకుండా వదిలేస్తారు. ఆ దిమ్మ ఎత్తు చూసి కూలీ లెక్క కడతారు. దిమ్మ ఎత్తు తక్కువ రాసుకుంటే కూలీ కోత. దిమ్మ నెత్తిన గడ్డి ఒక్కటే ఆ నేల ఒకప్పుడు ఎట్లా వుండేదో చెప్పే సాక్షి. క్వార్ట్‌జైట్ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. అక్కడికి దగ్గర్లోనే తుగ్లకాబాద్ పక్క లాల్ కువా అనే చోట కంకర మిల్లులు నడిచాయి. ఆ మిల్లుల్లో పనిచేసినోళ్లు మిల్లులు పోయాక కూడా ఏళ్ల తరబడి దగ్గుతూ చచ్చారు.

ఇప్పుడు చట్టం చదివే విద్యార్థులు ఒక వరస గమనించాలి. ఇది నా సొంత లెక్క, ఒప్పుకోకపోతే వాదించండి.

1982లో ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గురించి ఒక ఉత్తరం సుప్రీంకోర్టుకు పోయింది. అదే ఆరావళి వరస, భాటీకి అవతలి పక్క. ఆ ఉత్తరాన్నే కోర్టు రిట్ పిటిషన్‌గా తీసుకుంది. అదే బంధువా ముక్తి మోర్చా కేసు. 1983 డిసెంబరులో తీర్పు వచ్చింది. క్వారీలో కూలీ తాగే నీళ్లు శుభ్రంగా వుండాలి, దుమ్ము తగ్గించాలి, వెట్టి కూలీలను గుర్తించి విడిపించాలి, కనీస కూలీ ఇప్పించాలి అని కోర్టు వివరంగా ఆదేశాలిచ్చింది. అంటే ఆ రోజు న్యాయమూర్తి కన్ను గుంతలో వున్న మనిషి మీద పడింది.

1992లో అదే కోర్టు ఢిల్లీ చుట్టుపక్కల కంకర మిల్లుల్ని మూయించి హర్యానాకు పంపింది. కారణం దుమ్ము. ఆ దుమ్ము ఎవరి ఊపిరికి అడ్డం? ఈసారి నగరం ఊపిరి.

1996లో సుప్రీంకోర్టు ముందుకు భాటీ వచ్చింది. ఈసారి గుంత అభయారణ్యం అయిపోయింది. గుంతలోని మనిషి ఆక్రమణదారుడు అయిపోయాడు.

పదమూడేళ్లు. అదే కోర్టు, అదే గుట్ట. కూలీ కాస్తా కాలుష్యం అయ్యాడు. ఆ ఏడాదే జులైలో ఢిల్లీలో 168 ప్రమాదకర పరిశ్రమలు మూసెయ్యమని కూడా ఆదేశం వచ్చింది. ఫ్యాక్టరీ కూలీకి, గని కూలీకి ఒకే ఏడాది ఒకే గతి.

నడుమ జరిగిందేంటంటే: 1986లో అసోలా, షాహుర్‌పూర్, మైదాన్‌గఢీ గ్రామసభల ఉమ్మడి భూముల్ని అభయారణ్యంగా ప్రకటించారు. 1990లో భాటీ గనిలో చరియ కూలి కూలీలు చనిపోయారు. తవ్వకం ఆపేశారు. 1991లో భాటీ భూముల్ని కూడా అభయారణ్యంలో కలిపారు. ఇప్పుడు అసోలా–భాటీ మొత్తం దాదాపు 32 చదరపు కిలోమీటర్లు. తవ్వకం ఆపడం తప్పు అని నేను అనడం లేదు. మనుషులు చచ్చాక ఆపకుండా ఎట్లా? కానీ గని మూసినప్పుడు కూలీకి ఏమిచ్చారు? పని పోయింది. ఐదేళ్లకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. జౌనాపూర్‌కు తరలిస్తామన్నారు. సంజయ్ కాలనీ జనం కదలలేదు. పోరాడారు, కోర్టులు తిరిగారు, ఓట్లు అడిగే వాళ్లని నిలదీశారు. ఆ బస్తీ ఇవాళ్టికీ అక్కడే వుంది, 'ఆక్రమణ' అన్న మాట నీడలోనే వుంది.

2006 అటవీ హక్కుల చట్టం వాళ్లను ఆదుకోదా అని అడగొచ్చు. ఆదివాసులు కాని ఇతర సంప్రదాయ అటవీ వాసులు ఆ చట్టం కింద హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే బతికి వుండాలి. 1947లో సరిహద్దు దాటి వచ్చిన మనిషి 1930 నాటి రుజువు ఎక్కడి నుంచి తెస్తాడు? వాళ్లు వచ్చినప్పుడు అది అడవి కాదు, గని. వాళ్లు తవ్విన తర్వాత అది అడవి. ఏ చట్టంలోనూ వాళ్లకు గడి లేదు.

ఇక కోతుల సంగతి. ఇది కథ కాదు, రికార్డు. 2007లో ఢిల్లీ హైకోర్టు నగరంలో కోతుల బెడద తగ్గించడానికి వాటిని పట్టి అసోలా–భాటీలో వదలమంది. అడవిలో వాటికి చాలినంత తిండి లేదు కాబట్టి ప్రభుత్వమే పండ్లూ కూరగాయలూ కొని వేసింది. లుట్యెన్స్ బంగళాల నుంచి వచ్చిన కోతికి పునరావాసం, ఆహార బడ్జెట్. నగరానికి గరుసు మోసినోడికి నోటీసు. నేను ఏ వ్యాఖ్యా చెయ్యను.

గుంత పచ్చబడిన తీరు కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ పని నిజంగా కష్టమైన పని, అందులో నేర్చుకోవలసింది వుంది. 2000లో ప్రాదేశిక సైన్యంలో 132వ ఎకలాజికల్ బెటాలియన్‌ని భాటీ కోసం తయారు చేశారు. ఎక్కువమంది రిటైరైన సిపాయిలు. గని నేలలో మట్టి అనేదే లేదు, గరుసు, రాయి. ఎండాకాలంలో నిప్పు. ట్యాంకర్లతో నీళ్లు పోసి మొక్కలు బతికించారు, చెక్‌డ్యాములు కట్టారు. సిపాయిల కష్టాన్ని చిన్నచూపు చూడను. ఒకటే అడుగుతాను. ఆ నేల ఎక్కడ గట్టి, ఎక్కడ గుల్ల, వాన నీరు ఏ పక్క దిగుతుంది అన్నది తరాలుగా తెలిసిన మనుషులు కంచె అవతలే వున్నారు. పార పట్టే చెయ్యి, గాడిద మీద నీళ్లు మోసే పద్ధతి, అన్నీ వాళ్ల దగ్గరున్నాయి. వాళ్లకు ఆ పని జీతం మీద ఇచ్చి, ఇల్లు ఇక్కడే వుంచుకోండి అని ఎందుకు అనలేదు? సిపాయి దేశం మనిషి, ఓడ్ ఎవరి మనిషి?

గని నేలను బాగుచేసే పద్ధతి గురించి మన కార్యకర్తలకు కొంచెం తెలిసి వుండాలి, లేకపోతే ఎవడో వచ్చి ఒక ఫోటోకు వంద మొక్కలు నాటి పోతాడు. ముందు గడ్డి రావాలి. గడ్డి వేరు గరుసును పట్టి వుంచుతుంది, ఎండి కుళ్లి మట్టి అవుతుంది. తర్వాత తుమ్మ జాతి, నత్రజనిని నేలలోకి దించే చెట్లు. ఆ నీడలో మోదుగ, రేగు, చండ్ర. ఆరావళిలో ధౌ అని ఒక చెట్టు వుంది, మన చిరుమానుకు దాయాది, రాతి సందుల్లోనే బతుకుతుంది. పదేళ్లకు గానీ మట్టి వాసన రాదు. ఢిల్లీలోనే వసంత్ విహార్ దగ్గర ఇట్లాగే తవ్వి వదిలేసిన గుంతల మీద ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల సాయంతో ఆరావళి బయోడైవర్సిటీ పార్కు పెంచారు. అక్కడ విదేశీ తుమ్మను కొద్దికొద్దిగా తీసి స్థానిక చెట్లు తెచ్చారు.

విదేశీ తుమ్మ అన్నాను కదా, దాని కథ మనదే. ఢిల్లీలో విలాయతీ కీకర్ అంటారు. మనం సర్కారు తుమ్మ అంటాం. పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. ఈ దేశంలో దీన్ని తొలిగా నాటిన చోట్లలో ఒకటి మన కడప జిల్లా కమలాపురం, 1877–78 ప్రాంతంలో. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ తెప్పించిన విత్తనం. కరువు సీమలో వంట చెరకు అవుతుందని తెచ్చారు. అదే చెట్టు కొన్ని దశాబ్దాలకు ఢిల్లీ రిడ్జ్ ఎక్కింది. 1911లో రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారింది. వైస్రాయి భవనం వెనకాల బోడిగుట్ట బాగుండదని పచ్చదనం పెట్టాలనుకున్నారు. అందుకోసం, రాజధాని కోసం మాల్చా లాంటి ఊళ్ల భూములు లాక్కున్నారు. మాల్చా జనం హర్యానాలో సోనీపత్ పక్కకు పోయి బతికారు. వాళ్లు భూమి వున్న రైతులు, మన వాడల వాళ్లు కాదు. పరిహారం కోసం వాళ్ల వారసులు నూరేళ్ల తర్వాత కూడా కోర్టులో కొట్లాడుతున్నారు. భూమి వున్నోడికే ఈ గతి అయితే, ఆ భూముల్లో కూలి చేసుకున్నోడి పేరు ఏ రిజిస్టర్లో వుంటుంది? అంటే ఢిల్లీలో పచ్చదనం కోసం మనుషుల్ని లేపడం 1996లో మొదలైన పని కాదు. తెల్లదొర వేసిన బాటే.

యమున ఒడ్డున ఏం జరిగిందో కూడా ఒక మాట. 2004లో యమునా పుస్తాలో వేలాది గుడిసెలు కూల్చారు. నది ఒడ్డు శుభ్రం చేస్తాం, పచ్చగా చేస్తాం అన్నారు. జనాన్ని బవానా లాంటి దూరపు చోట్లకు తోలారు. ఆ తర్వాత అదే నది వరద మైదానంలో 2010 కామన్వెల్త్ క్రీడల అపార్టుమెంట్లు లేచాయి. 2009లో సుప్రీంకోర్టు అది వరద మైదానం కాదంది. గుడిసె వుంటే నది ఒడ్డు, ఫ్లాటు వుంటే కాదు.

మళ్లీ భాటీ. నీళ్లు నిండిన ఒక గని గుంతను ఇప్పుడు నీలీ ఝీల్ అంటారు, చూడటానికి అందంగా వుంటుంది, ఫోటోలు దిగుతారు. అడవిలో చిరుతలు తిరుగుతున్నాయి. చిరుత రావడం అంటే ఆ నేల నిజంగా కోలుకుందని. సంతోషమే. ఆ నీలం నీళ్ల అడుగున తట్టలు మోసిన ఆడవాళ్ల అడుగులు వున్నాయని చెప్పే బోర్డు ఒక్కటి పెడితే ఖర్చు ఎంత?

ఇప్పుడు మన ఏటి ఒడ్డుకు వద్దాం తమ్ముడూ. నది పక్క గుంత వేరు, గుట్ట మీద గుంత వేరు. ఏటి పక్క గుంత తవ్వితే ఊట వస్తుంది, గుంత మడుగు అవుతుంది. వరద వచ్చినప్పుడు నడుమ కట్ట తెగితే ఏరు తన దారి మార్చుకుని గుంతలో పడుతుంది. తెచ్చిన ఇసుకంతా ఆ గుంతలో వదిలేస్తుంది. ఖాళీ చేతులతో దిగువకు పోయే నీళ్లు ఆకలిగొన్నట్టు తన అడుగునీ ఒడ్డునీ కోస్తాయి. దిగువన ఒడ్డు మీద ఎవరి చేలు వుంటాయి? కాబట్టి ఏటి పక్క గుంత బాగుచెయ్యడం అంటే చెట్లు నాటడం ఒక్కటే కాదు. నిలువు ఒడ్డును వాలుగా కొట్టాలి, అంచున మోకాలు లోతు మెట్టు వుంచాలి. అక్కడ తుంగ, జమ్ము, రెల్లు వస్తాయి, చేప పిల్ల పెడుతుంది, పిల్లాడు జారితే నిలబడతాడు. పైన ఏరుమద్ది, నేరేడు, కానుగ. తవ్వే ముందు తీసిన పై మట్టిని పక్కన దాచి వుంటే మళ్లీ పరుస్తారు. ఎవడూ దాచడు. అమ్మేస్తాడు.

చట్టం ఏమంటుంది? గ్రావెల్, మామూలు ఇసుక 1957 గనుల చట్టంలో చిన్న ఖనిజాలు. వాటి అధికారం 15వ సెక్షన్ కింద రాష్ట్రానిది. మనకు 1966 నాటి చిన్న ఖనిజాల రాయితీ నియమాలున్నాయి. 5 హెక్టార్ల లోపు లీజుకు పర్యావరణ అనుమతి అక్కర్లేదన్న సందు చాలాకాలం నడిచింది. పెద్ద గుంతని చిన్న ముక్కలుగా కాగితం మీద కోసి లీజులు తీసుకున్నారు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ సందు మూసింది. అది కూడా హర్యానా నుంచి పోయిన కేసే.

అసైన్డ్ భూమి సంగతి ఇంకా దారుణం. డీ–ఫారం పట్టా వున్న మన మనిషి దగ్గరకు కాంట్రాక్టర్ వస్తాడు. "ఎత్తు పల్లాలు చదును చేసి ఇస్తాం, టిప్పర్‌కు ఇంత" అంటాడు. చాలా జిల్లాల్లో వినే కథ ఇది. రెండు ఎండాకాలాలు పోయేసరికి చేను కాస్తా చెరువు. పంట లేదు. తర్వాత రెవెన్యూ వాళ్లు వచ్చి సాగు చెయ్యలేదు, షరతు ఉల్లంఘించావు అంటారు. 1977 అసైన్డ్ భూముల చట్టం పేదవాడి భూమి చెయ్యి మారకుండా కాపాడటానికి వచ్చింది. దాన్నే చూపించి పేదవాడి భూమి లాగుతారు. ఆ తర్వాత ఆ గుంత మీద పార్కో, ప్రకృతి వనమో బోర్డు పడుతుంది. తెలంగాణలో 2020 ప్రాంతంలో రైతు వేదికలు, వైకుంఠధామాలు, పల్లె ప్రకృతి వనాల కోసం దళితుల అసైన్డ్ భూములు తీసుకున్నారని ఊరూరా గొడవలు జరిగాయి. చెట్టుకు మనం వ్యతిరేకం కాదు. చెట్టు నాటడానికి ప్రతిసారీ మాదిగ వాడ భూమే ఎందుకు కనిపిస్తుంది అన్నదే గొడవ.

ఇక్కడ ఒక ఆయుధం వుంది, మర్చిపోవద్దు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తీర్పు చెప్పింది. ప్రజా ప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని. మన వాడల్లో ఈ తీర్పు పేరు తెలిసినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎమ్మార్వో ఆఫీసులో తెలియనట్టు నటించేవాళ్లు చాలామంది. ఇంకోటి, 2015లో గనుల చట్టానికి చేర్చిన 9బీ సెక్షన్ కింద ప్రతి గని జిల్లాలో జిల్లా ఖనిజ నిధి వుంటుంది. గని వల్ల నష్టపోయిన జనం కోసం. ఆ నిధి మీద మన వాళ్లు ఎన్ని దరఖాస్తులు పెట్టారు?

మీ ఊరి గుంత మీద పనిచెయ్యాలనుకునే విద్యార్థులకు నేను చెప్పేది ఇది. ముందు సర్వే నెంబరు పట్టుకోండి. పాత అడంగల్‌లో అది ఎవరి పేరు, ఏ రకం భూమి అని చూడండి. తర్వాత సమాచార హక్కు కింద గనుల శాఖను అడగండి. లీజు ఎవరికి, ఎన్ని హెక్టార్లు, ఎంత లోతుకు అనుమతి, ఎంత తవ్వారు, గుంత మూసే బాధ్యత ఎవరిది, అందుకు డిపాజిట్ కట్టారా. ఈ కాగితాలు చేతికొచ్చాక ఊళ్లో సభ పెట్టండి. గుంత బాగుచేసే పని వాడ ఆడవాళ్ల సంఘానికీ, వడ్డెర సొసైటీకీ కూలి మీద ఇవ్వాలని, తర్వాత చేప, గడ్డి, కట్టె, నీడ మీద హక్కు వాళ్లకే వుండాలని తీర్మానం రాయించండి. తీర్మానంలో గుంత తవ్విన కూలీల పేర్లు కూడా రాయించండి. ముసలోళ్లను అడిగితే ఇంకా చెప్తారు, ఎవరెవరు ఏ ఎండాకాలం ఎన్ని ట్రాక్టర్లు నింపారో.

పదో భాగం: గోదావరి లంకలు, అక్కడ మన వాళ్లు చేసిన సాగు.